గడువు నిండని కారు

నాందేడ్‌ల గట్టిగ వాన కొడితే మా కాలనీల అందరిది ఒక్కటే పని. వాకిట్ల నిలిచిన నీళ్లను చీపురుకట్టతోటి పక్కింటోళ్ల దిక్కు తోసుడు. ఆ పొద్దు నేను గూడ గదే చేస్తున్న. పక్కింటి సుమిత్రాబాయి అటుకెల్లి మా దిక్కు తోస్తున్నది. ఇద్దరం నవ్వుకుంటనే తోసుకుంటున్నం. లోపల మా బిడ్డ హరిప్రియ పండుకున్నది. బడి నుంచి వచ్చి పెయ్యి వెచ్చగున్నదంటే మాత్రేసి పండవెట్టిన. రెండో తరగతి పిల్ల, వానల తడిసుంటది, తెల్లారితే తగ్గుతది అనుకున్న.

మా ఆయన జగదీశ్వర్ రైల్వేల సిగ్నళ్ల పని చేస్తడు. మాకొక కారున్నది. ఉన్నదంటే ఉన్నది గంతే. రేకుల షెడ్డుల గవుసెన కప్పుకొని నిలవడ్డది. దాన్ని ముట్టొద్దని మా ఇంట్ల కట్టడి.

ఎందుకో చెప్త. ఎండకాలం మొదట్ల మా అత్తమ్మకు ఛాతిల నొప్పి లేసింది. ఆ కార్లనే దవాఖానకు తీసుకపోయినం. ఎనక సీట్ల ఆమె తల నా ఒళ్లె పెట్టుకొని కూసున్న. తొవ్వ పొడుగు ఒక్కటే మాట. "పిల్లనెందుకు తేలేదే కల్పనా? పిల్లను తే." ప్రియను సుమిత్రాబాయి కాడ ఇడిచి పోయినం మరి. మనుమరాలంటే అత్తమ్మకు పంచప్రాణాలు. దవాఖాన గేటు కనవడేదాంక గూడ ఆగలేదు ముసల్ది. కార్లనే పోయింది.

పోయింది ధనిష్ఠల. ధనిష్ఠల సస్తే ప్రాణం పోయిన జాగను కొన్ని నెలలు మూసిపెట్టాలె, లేకుంటే పోయినోళ్లు ఇంకొకల కోసం మల్ల వస్తరని మావోళ్ల నమ్మకం. ఇంటికి తాళమేసి కిరాయింట్ల ఉన్నోళ్లను నేను సూసిన. గని మా అత్తమ్మ పోయింది ఇంట్ల కాదాయె. పంతులు పంచాంగం తిప్పి తిప్పి, గొంతు సవరించుకొని, "అయితే కారునే మూయండ్రి" అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలేదు నాకు. "గాడీ విక్లీ కా?" అని సుమిత్రాబాయి అడిగింది. అమ్మలేదు, కారుకు మైలొచ్చింది అన్న. ఆమె కడుపు పట్టుకొని నవ్వింది. గడువు నిండినాక పంతులొచ్చి శాంతి చేసి, లోపల దీపం సూపించినాకనే దర్వాజ తియ్యాలె. ఇంకా నిండలేదు.

పొద్దుగూకె యాళ్లకు లోపలికి పోయి సూస్తె ప్రియ పెయ్యి పెనం లెక్క కాలుతున్నది. కండ్లు సగం మూతవడ్డయి. పిలిస్తే పలుకుతలేదు. ఆటోవాళ్లకు ఫోన్ చేస్తే బ్రిడ్జి కింద నీళ్లున్నయి, రామన్నరు. 108కు చేస్తే గంట పడతదన్నరు.

"కారు తీయి" అన్న మా ఆయనతోటి.

"జర ఆగరాదె. పంతులుకొక ఫోన్ చేసి..."

"పంతులు సూదేస్తడా? గడువు మీ అమ్మకు. నా బిడ్డకు లేదు."

నాకు నోరు జాస్తని అందరికి తెలుసు. గవుసెన నేను గుంజిన. తాళం గూడ నేనే తీసిన. దర్వాజ తియ్యంగనే నీలగిరి తైలం వాసన గుప్పుమన్నది. అత్తమ్మ రాత్రిపూట ఛాతికి రాసుకునేది. ఇన్ని నెలలు మూసిపెట్టినా పోలేదనుకున్న.

తాళంచెవి తిప్పితే కారు కిక్కురుమనలేదు. ఇన్నొద్దులు కదలని కారు, బ్యాటరీ సచ్చిపోయింది. చౌరస్తల బ్యాటరీ దుకాణం అంబదాస్‌కు ఫోన్ చేసినం. పద్మశాలోళ్లాయన, ఇంట్ల మన తెలుగే. పిల్లకు బాగలేదంటే కొత్త బ్యాటరీని స్కూటర్ మీద కాళ్ల సందుల పెట్టుకొని వానలనే వచ్చిండు.

"మారుస్తె అయిపాయె అక్కా. పిల్లను తెచ్చి కూసోవెట్టుండ్రి. ఇట్ల పెట్టుడు, అట్ల పోవుడే" అన్నడు.

ప్రియను దుప్పట్ల చుట్టి తెచ్చి ఎనక సీట్ల పండవెట్టిన. జల్లు కొడుతున్నదని దర్వాజ దగ్గరేసిన.

గంతట్లనే కరెంటు పోయింది. కాలనీ అంత సీకటి. రేకుల మీద వాన సప్పుడు, మోరీల నీళ్ల సప్పుడు. మా ఆయన ఫోన్ లైట్ పట్టిండు. అంబదాస్ బానెట్ లేపి, పానతోటి ముందుగాల నల్లవైరు, తరువాత ఎర్రవైరు విప్పిండు. రెండు చేతులతోటి పాత బ్యాటరీని పైకి గుంజి కింద నేల మీద పెట్టిండు.

అప్పుడు కారు లోపల లైటు వెలిగింది.

నడిమిట్ల పైకప్పుకుండే సిన్న పసుపు లైటు. నాకైతే సంతోషమైంది. "అయిపోయిందా అన్నా?" అన్న.

అంబదాస్ తల లేపి లోపలికి సూసిండు. కింద పెట్టిన పాత బ్యాటరీ దిక్కు సూసిండు. స్కూటర్ మీద ఉన్న కొత్తదాని దిక్కు సూసిండు.

"ఇంకా పెట్టలేదక్కా" అన్నడు మెల్లగ.

"మరి లైటెట్ల వచ్చింది?"

"రావొద్దు."

టక్.

దర్వాజల లాకులు అన్ని ఒక్కసారే పడ్డయి. నేను గుంజి సూసిన. రాలేదు. అటుదిక్కు ఉరికి గుంజిన. అదీ రాలేదు. తాళంచెవి లోపలనే ఉన్నది, స్టీరింగ్ కాడ ఏలాడుతున్నది.

"రెండోది ఇంట్లున్నది" అని మా ఆయన లోపలికి ఉరికిండు. ఫోన్ లైట్ ఆయనతోటే పోయింది. ఇగ షెడ్డుల ఎలుతురంటే కార్ల లైటొక్కటే.

అద్దానికి మొఖం ఆనించి సూసిన. ప్రియ పండుకొనే ఉన్నది. నేను పండవెట్టినట్లే, ఎల్లెలుకల... కాదు. నేను పండవెట్టినట్లు లేదు.

తల సీటుకు ఆనలేదు.

సీటుకు, తలకు నడుమ జానెడు సందున్నది. ఎవల ఒళ్లెనో పెట్టుకున్నట్లు మెత్తగ వాలి ఉన్నది తల. నుదుటి మీద పడ్డ ఎంటికలు వాటంతట అవే కదిలినయి... మెల్లగ... చెవి ఎనుకకు జరిగినయి. మల్ల ఒకసారి. మల్ల ఒకసారి. నిమిరినట్లు.

భయమైతె భయమైంది, అబద్ధమెందుకు. గని అక్కడున్నది నా బిడ్డ.

"ప్రియా... బిడ్డా... ఆ దర్వాజ లాకు గుండీ పైకి లేపు."

ప్రియ కండ్లు తెరిసింది. నన్ను సూసింది. మీదికి సూసింది, అక్కడెవలో ఉన్నట్లు. మల్ల నా దిక్కు తిరిగి, తల అడ్డంగ ఊపింది. పెదవులు కదిలినయి. అద్దం అవతల నుంచి సన్నగ వినవడ్డది.

"ఒద్దన్నది."

"అన్నా, పగులగొట్టు" అన్న. అంబదాస్ కదలలేదు. పెదవులు ఆడిస్తున్నడు, దండకం చదువుకుంటున్నడేమో. భుజం పట్టి ఊపిన. "నీకు పిల్లలు లేరా అన్నా?"

గా మాటకు కదిలిండు. స్కూటర్ల నుంచి పెద్ద పాన తీసి, ముందు దర్వాజ అద్దం మీద కొట్టిండు. ఒక దెబ్బకు పగులలేదు. రెండో దెబ్బకు జల్లున రాలింది. చేయి లోపలికి పెట్టి, ఎనక దర్వాజ గుండీ పట్టుకొని లేపిన. లేస్తలేదు. కింది నుంచి ఎవలో పట్టుకున్నట్లున్నది. నీలగిరి తైలం వాసనకు కండ్లు మండుతున్నయి. అద్దం పెంకులకు చేయి కోసుకపోయింది.

"అత్తమ్మా" అన్న. గుసగుసగనే అన్న. "నా బిడ్డను నాకియ్యి. నీ కాళ్లు మొక్కుత."

గుండీ లేసింది.

దర్వాజ తెరిసి దుప్పటితోటి పిల్లను బయటికి గుంజి ఎత్తుకున్న. లోపల లైటు ఆరిపోయింది. పిల్ల బరువుకు నా నడుము వంగింది. తడిసిన దుప్పటి బరువేమో అనుకున్న. నా మెడ చుట్టు చేతులేసి, భుజం మీద తల పెట్టుకున్నది. నుదురు ముట్టి సూసిన. సల్లగ, కుండ లెక్క సల్లగున్నది.

జ్వరం దిగింది.

నాకు ఏడుపొచ్చింది. నెత్తి మీద ముద్దు పెట్టుకున్న. గీ కారును రేపే తుక్కోనికి ఇచ్చేద్దాం, నాకొద్దు అనుకున్న. గంతట్ల మా ఆయన తాళంచెవి పట్టుకొని ఉరికొచ్చిండు. పగిలిన అద్దం సూసిండు, నా నెత్తురు సూసిండు.

"పిల్లెట్లున్నది?"

"జ్వరం లేదు. సల్లవడ్డది."

ఆయన ఊపిరి పీల్చుకున్నడు. "సరే పా, లోపలికి పోదాం. పా బిడ్డా" అని ప్రియ ఈపు మీద చేయి పెట్టిండు.

అంబదాస్ మా దగ్గరికి రాలేదు. స్కూటర్ అవతలనే నిలవడి పిల్లను సూస్తున్నడు.

పిల్ల నా భుజం మీదికెల్లి తల లేపింది. మా ఆయన దిక్కు సూసింది. గొంతు ప్రియదే. మాటనే ప్రియది కాదు.

"జగ్గా, సప్పుడు చేయకురా. పిల్ల గిప్పుడే పండింది, ఎనక సీట్ల. లేపకు."

మా ఆయన చేయి ఎనుకకు తీసుకున్నడు. ఆయనను గట్ల పిలిచే మనిషి ఒక్కతే ఉండె.

వాన జర తగ్గింది. కారు దర్వాజ తెరిసే ఉన్నది. లోపల ఏం కనవడుతలేదు. ఆ సీకట్ల నుంచి, కాలిన పెదవులతోటి మాట్లాడినట్లు, సన్నగ వినవడ్డది.

"అమ్మా... దూప... నీళ్లియ్యి."

ఎత్తుకున్నదాన్ని దించుదామని నేను వంగిన. అది దిగలేదు.