కిడ్నీ ఇచ్చేదెవరు?

"అమ్మా, మా ఆయన ద్రోహి కాడని మీరే తేల్చాల. ఈ గొడవ తేలకపోతే నా తమ్ముడు సచ్చిపోతాడు."

మెట్లెక్కి వచ్చిన ఆ మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. శ్రీకాకుళంలో ఖద్దరు దుకాణం పైనున్న మేడగదే ప్రసూనాంబ ఆఫీసు. ఒకప్పుడు వీణ పాఠాలు చెప్పిన ఆవిడ ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివు. ఎక్కడ అపస్వరం పలికినా పట్టేసే ఆ చెవి అంటే సహాయకుడు కొండబాబుకి ఎంత గురో చెప్పలేం. అతను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినవాడు. మొహం చూసి టిక్కెట్టు లేనివాణ్ణి పట్టేస్తానని అతని ధీమా.

వచ్చినావిడ పేరు జ్ఞానసుందరి, ఊరు పొందూరు. తండ్రి ఎప్పుడో పోయాడు. తమ్ముడు పాల్‌కి రెండు కిడ్నీలూ పాడైపోతే తనదొకటి ఇస్తానంది. పరీక్షలన్నీ కుదిరాయి. విశాఖపట్నంలో ఆసుపత్రి సరేనంది. పాల్‌కి జరిగే ఆపరేషనూ, ఈమె నుంచి కిడ్నీ తీసే ఆపరేషనూ రెండూ అతని ఇన్సూరెన్సు కిందకే వస్తాయని కంపెనీ ఒప్పుకుంది. తీరా రోజు దగ్గరపడ్డాక ఆపేసింది. దాత విషయంలో అనుమానం ఉందట, ఆ మాట వాళ్ళింట్లోంచే వచ్చిందట. పాల్ గుండె నీరసిస్తోంది, ఇంక ఆలస్యమైతే ఆపరేషన్‌కే తట్టుకోలేడని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు.

"మా ఆయన ఆదాము మొదట్నించీ వద్దన్నాడమ్మా. చర్చిలో అందరి ముందరా గోలెట్టేసినాడు. అందుకని కంపెనీకి సెప్పింది ఆయనేనని మా తమ్ముడి పెళ్ళాం గ్లోరీ గుమ్మం తొక్కనివ్వట్లేదు."

"ఇంకేటమ్మగారూ, తేలిపోనాది. ఆదామే!" అని గొణిగాడు కొండబాబు.

"అప్పుడే టిక్కెట్టు కొట్టేయకు" అంది ప్రసూనాంబ.

జ్ఞానసుందరి చేతే కంపెనీకి ఫోన్ చేయించి, తను అందుకుంది. అవతల నాగభూషణం అనే ఆఫీసరు. మర్యాదస్తుడే గాని గట్టిపిండం.

"ఎవరు చెప్పినారో నేను చెప్పకూడదు మేడమ్. మేమే ఫోన్ చేసి అడిగినాము. జవాబు నా చెవులతో విన్నాను. కాగితాల్లో ఒకరు, నోట్లో ఇంకొకరు. కిడ్నీలు అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఉండారు. మేము కళ్ళు మూసుకుంటే ఎట్లా?"

"మీది ఈ ప్రాంతం కానట్టుందే?"

"హిందూపురం పక్క మేడమ్, కర్ణాటక అంచు. మా అప్పది రైల్వే ఉద్యోగం. ఏ ఊరికి బదిలీ అయితే అక్కడే మా బడి."

ప్రసూనాంబ కనుబొమ్మ ఒక్కసారి పైకి లేచింది. కొండబాబుకి మాత్రం ఆ ఆఫీసరు మీద జాలేసింది. పాపం, అమ్మానాన్నా లేరు కాబోలు, అక్క కొంగు పట్టుకుని ఊళ్ళు తిరిగాడు అనుకున్నాడు.

పొందూరు చేరేసరికి పాల్ ఇంటి ముందు ఆదాము వీధిలోనే నిలబడి ఉన్నాడు, పరాయివాడిలాగ.

"కంపెనీతో మాట్లాడావా?" అని సూటిగా అడిగింది ప్రసూనాంబ.

"నేదమ్మా. వద్దన్నమాట నిజిమే. నా మనిసిని కోత్తామంటే నవ్వమంటారేటి? అంతేగాని ఎనకనుంచి గొయ్యి తవ్వే రకం కాదు నేను."

కొండబాబు అతని మొహంలోకి కన్నార్పకుండా చూశాడు. ఏమీ అంతుపట్టలేదు. ధీమా కాస్త సడలింది.

లోపల మంచం మీద పాల్ ఉన్నాడు, కాళ్ళు బాగా వాచిపోయి. పక్కనే గ్లోరీ, మొహం గంటు పెట్టుకుని.

"కంపెనీవాళ్ళు నీకెప్పుడైనా ఫోన్ చేశారా బాబూ?"

"సేసినారమ్మా. డయాలసిస్ సేయించుకొచ్చి తొంగున్నాను. కిడ్నీ ఎవరిస్తన్నారని అడిగినారు. ఉన్నమాటే సెప్పినాను."

"ఏమని?"

"మా అప్ప అని."

ప్రసూనాంబ చిన్నగా నవ్వింది. "ఆదాముని లోపలికి పిలవండి. అందరూ ఉండాలి."

గ్లోరీ మొహం తిప్పుకుంది గాని అడ్డు చెప్పలేదు. అందరూ చేరాక ప్రసూనాంబ మళ్ళీ నాగభూషణానికి ఫోన్ కలిపి, గదిలో అందరికీ వినబడేటట్టు పెట్టింది.

"చిన్న సందేహమండీ. మీ అప్ప పేరేమిటి?"

"హనుమంతరాయప్ప మేడమ్. స్టేషన్ మాస్టరుగా రిటైర్ అయినాడు. ఎందుకు?"

కొండబాబు నోరు తెరిచాడు. అక్కేమిటి, హనుమంతరాయప్పేమిటి!

"విన్నారుగా" అంది ప్రసూనాంబ. "ఇక ఎవరు చేశారో చెబుతాను. మాట ఇంట్లోంచే వచ్చిందన్నారు, అక్షరాలా నిజం. ఆ మాట అన్నది పాల్."

"అయ్యో దేవుడా!" అంది గ్లోరీ.

"అబద్ధం ఆడలేదమ్మా. మీ ఇళ్ళల్లో అప్ప అంటే అక్క. ఈయన ఇంట్లో అప్ప అంటే నాన్న. అక్క ఇస్తోందని పాల్ చెప్పాడు, నాన్న ఇస్తున్నాడని ఈయన విన్నాడు. కాగితాల్లో చూస్తే తండ్రి ఎప్పుడో కాలం చేశాడు, దాత పేరు జ్ఞానసుందరి. ఇంక అనుమానం రాక చస్తుందా?"

"మీకెలా తెలిసిందమ్మగారూ?" కొండబాబు ఉండబట్టలేకపోయాడు.

"మేమే ఫోన్ చేశామని ఈయన అన్నప్పుడే ఆదాము మీద అనుమానం సగం పోయింది. చాడీ చెప్పేవాడికి వాళ్ళు ఫోన్ చెయ్యరు కదా! ఇంక అప్పకి బదిలీ అయినప్పుడల్లా తమ బడి మారేదన్నారు. అక్క ఉద్యోగం కోసం ఇల్లంతా మూటాముల్లే సర్దుతుందటయ్యా? అది తండ్రి ఉద్యోగమే అయ్యుండాలి."

 ఫోన్‌లో నాగభూషణం గొంతు మెత్తగా వినిపించింది. "తప్పయిపోయింది మేడమ్. ఆ రికార్డు మళ్ళీ విని, నేనే దగ్గరుండి అనుమతి పంపిస్తాను. ఆ అబ్బాయిని ధైర్యంగా ఉండమనండి."

పొద్దుగూకక ముందే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. అనుమతి వచ్చేసింది, అక్కాతమ్ముళ్ళిద్దరి ఆపరేషన్లకీ. వెంటనే వచ్చి చేరమన్నారు.

పాల్ మంచం మీద నుంచి లేవబోయి లేవలేక రెండు చేతులూ జోడించాడు. "బావా, నా నోటితో నేనే సేసుకుని నిన్ను దొంగని సేసినాను. క్షమించు."

ఆదాము ఆ చేతులు విడదీశాడు. "క్షమించడం తరవాత సూద్దుం. నీ మీద నాకు సానా కోపం ఉన్నాది. దెబ్బలాడాలంటే నువ్వుండాల కదరా? ముందు ఇద్దరూ బతికి రండి."

ఇద్దరూ అంటూ జ్ఞానసుందరి వైపు చూశాడు. గ్లోరీ లోపలికెళ్ళి, ఆదాముకి అన్నం వడ్డించి తీసుకొచ్చింది.