మసీదుకి నూట పది అడుగులు

రంజానూ బెల్లం సీజనూ కలిసొచ్చిన చలికాలం అది. సైదా సాహెబ్ పొద్దున్నే నమాజు ముగించుకుని, ఎప్పటిలాగే అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంటికి వచ్చాడు. మసీదు మెట్టు నుంచి తన గడపకి నూట పది. గడప నుంచి వీధి కుళాయికి ముప్ఫై రెండు. బెల్లం మార్కెట్ పక్కనున్న తాళ్లూ చాపలూ అమ్మే తన కొట్టుకి నాలుగు వందల అరవై. ఇరవై ఏళ్లుగా ఆ లెక్కలో తేడా రాలేదు. మనిషి ఎంత సుఖంగా ఉన్నాడో వాడి కాళ్లని అడిగితే చెబుతాయని ఆయన నమ్మకం.

ఏడాదిగా మాత్రం ఆ లెక్క చప్పబడిపోయింది. తమ్ముడు యూసుఫ్ లారీల మీద బాగుపడి, ఊరి బయట ట్రంకు రోడ్డు పక్కన కొత్త స్థలాల్లో ఇల్లు కట్టాడు. నల్ల కారు కొన్నాడు. "ఈ సందులో కోడి కూడా రెక్క చాపుకోలేదు భాయ్" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. పోనీ, పోయినవాడు అక్కడే ఉన్నాడా? రోజూ సాయంత్రం ఆ కారు సందు మొదట్లో ఆగేది. లోపలికి పట్టదు గనక యూసుఫ్ దిగి, సందంతా ఆ చివరిదాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచి కారెక్కి పోయేవాడు. హారను వినబడగానే సైదా సాహెబ్‌కి మండిపోయేది; లోపలికెళ్లి తలుపు వేసేసుకునేవాడు.

"మనకి చూపించుకోడానికే వత్తన్నాడు" అన్నాడు ఆ పొద్దున కూడా.

బియ్యం ఏరుతున్న అజ్మతున్నీసా తలెత్తలేదు. "అన్న ఇంటి ముందు నుంచి తమ్ముడు నడిస్తే అది చూపించుకోడమా?"

"నీకు తెలీదులే. సాయంత్రం బ్రోకరు నూకరాజు వత్తాడు. ఈ ఇంటికి బేరం వచ్చింది. నేను యూసుఫ్ ఇంటి పక్క స్థలం మాట్లాడేను. వాడి దానికన్నా నాలుగు గజాలు వెడల్పు."

ఆమె చేట కింద పెట్టింది. "అక్కడి నుంచి మసీదుకి ఎన్ని అడుగులు?"

"రిక్షాలో వెళ్లేను. రిక్షాలో అడుగులేటి?"

"ఊళ్లో అందరి గడపలూ కొలిచేరు. మీరు పోయే గడప ఒక్కటే కొలవలేదన్నమాట. పురుడొస్తే మంత్రసాని నాలుగు ఇళ్ల అవతలే ఉంది నాకు. ఉప్పు అయిపోతే పక్కింటి గోడ మీద చెయ్యి పెడితే చాలు. నాలుగు గజాలతో నేను మాట్లాడుకోనా?"

ఆయన చెప్పులేసుకుని కొట్టుకి బయల్దేరాడు. ఆ రోజు అడుగులు లెక్క తప్పాయి.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక నూకరాజు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కొనేది ఎవరు?"

"పేరు బేరం కుదిరేక సెప్తాను సాయిబుగారూ. ముందు ఆడోళ్లు ఇల్లు సూత్తారంట."

మసీదు వైపు నుంచి బురఖాలో ఒకామె వస్తోంది. తల వంచి, తన కాళ్లకేసే చూసుకుంటూ, ఆగకుండా నడుస్తోంది. గడప మీద కాలు పెట్టి, లోపలున్న అజ్మతున్నీసాతో మెల్లగా, "మసీదు నుంచి నా అడుగుల్లో నూట ముప్ఫై ఆరు ఆపా" అంది.

ఆ గొంతు ఖమర్జహాన్‌ది. తోడికోడల్ని అక్కగా ఎంచి ఆపా అని పిలిచే యూసుఫ్ భార్యది. ఆమె వెనకాలే, తల దించుకుని యూసుఫ్.

సైదా సాహెబ్ అరుగు మీద నుంచి దిగ్గున లేచాడు. "ఓహో! కారూ మేడా చాలక, ఇప్పుడు నేనున్న ఇల్లు కూడా కావాలేట్రా నీకు? నన్ను సందులోంచి కూడా గెంటుతావా?"

"అది కాదు భాయ్..."

"ఏది కాదు? రోజూ వచ్చి కొలుచుకు పోతన్నావు కదా!"

పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఖమర్జహాన్ బావగారి ఎదుట ఒక్క మాట మాట్లాడి ఎరగదు. ఇప్పుడు తలుపు తెర వెనక్కి వెళ్లి నిలబడి, అక్కడి నుంచి మాట్లాడింది.

"భాయీజాన్, మా ఇంటి నుంచి మసీదుకి ఆరు వేల అడుగులు. నేను నడిచి లెక్కపెట్టేను. మొదటి ఉపవాసం నాడు, విడిచే వేళకి అందాలని, ఆపాకి వంటకాల పళ్లెం పట్టుకుని బయల్దేరేను. ఆయన కారు వేసుకుని లారీ పని మీద నాతవరం వెళ్లేరు. సగం దారిలోనే పొద్దు కుంకింది. మసీదు అజాన్ పిలుపు చెవిన పడలేదు. చెరుకు బండి తోలుకొస్తున్న ఒక తాత, పొద్దు పోయింది తల్లీ అని నీళ్లిస్తే, బండి పక్కన నిలబడి ఉపవాసం విడిచేను. పళ్లెం చల్లబడిపోయింది. అది మీకేం తెస్తానని ఇంటికి తిరిగి వెళ్లిపోయేను."

తెర వెనక అజ్మతున్నీసా ఏడుపు వినబడింది.

"నీ సందు అంటే నాకు కుళ్లు భాయ్" అన్నాడు యూసుఫ్, నేలకేసి చూస్తూ. "నడుస్తుంటే నలుగురు పలకరిస్తారు. అక్కడ గేటు తీస్తే లారీలే. అద్దెకి ఏ ఇల్లన్నా ఖాళీ అవుద్దేమోనని రోజూ చూసుకుంటూ తిరిగేను. నువ్వు అమ్ముతున్నావని నూకరాజు చెప్పేడు. కోళ్ల మాట అనేసి వెళ్లినోడిని, ఏ మొహంతో అడగను?"

సైదా సాహెబ్ అరుగు మీద కూర్చున్నాడు. ఏడాది పొడుగునా తను తమ్ముడి గజాలు లెక్కపెట్టాడు. ఆ ఏడాదంతా తమ్ముడు ఈ సందులో అడుగులు లెక్కపెట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ మిగిలిందేమీ లేదు. ఏటా మొదటి ఉపవాసానికి వచ్చే పళ్లెం ఈసారి ఎందుకు రాలేదని ఒక్కసారి అడిగి ఉంటే పోయేది. అడగలేదు. వాళ్లకి పొగరెక్కిందనుకున్నాడు. కళ్లు తడిశాయి.

"నూకరాజూ, ఇల్లు అమ్మను" అన్నాడు.

యూసుఫ్ మొహం పాలిపోయింది.

"పడమటి వైపు రెండు గదుల్లో చాపలు నింపి పెట్టేను. అవి కొట్టుకి తోలేస్తాను. ఆ గదులు నీవి. మధ్య గోడకి తలుపు పెట్టిద్దాం. కారు ఏం చేస్తావో నువ్వే చూసుకో, సందులో పట్టదు."

"చాపలు అందులోనే తోలుదాం భాయ్."

"నల్ల కారులో చాపలా? ఊరు నవ్వుద్ది" అన్నాడు గానీ, ఆ ఆలోచన ఆయనకి లోలోపల బాగా నచ్చింది. మర్నాడు మొదటి కట్టతోపాటు ముందు సీట్లో తనే కూర్చుని కొట్టుదాకా వెళ్లాడు. నాలుగు వందల అరవై అడుగుల దారికి, సందు చుట్టూ తిరిగి, బళ్ల మధ్య హారను కొట్టుకుంటూ అరగంట పట్టింది.

ఆ వారం చివర అజాన్ వినబడగానే, కొత్త తలుపు తీసుకుని ఖమర్జహాన్ పళ్లెం తెచ్చి గడప మీద పెట్టింది. అటు గది నుంచి ఇటు గదికి ఎన్ని అడుగులో సైదా సాహెబ్ లెక్కపెట్టలేదు. పళ్లెం మీది గుడ్డ తీశాడు. వేడి ఆవిరి ముఖానికి తగిలింది.