గురువారం వచ్చే మనిషి

బుధవారం మధ్యాహ్నం లిఫ్టు వర్ధనిని ఎక్కించుకోలేదు. “మీ సందర్శన రేపు పది గంటలకు” అని మర్యాదగా చెప్పి తలుపులు మూసుకుంది. ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది. పద్నాలుగు అంతస్తుల్లోనూ ఒక్క మనిషి ఎదురుపడలేదు. ప్రతి తలుపు పక్కనా చిన్న గాజు పలకపై ఒక అంకె మాత్రం వెలుగుతోంది.

ఆ అంకెను మనోసూచి అంటారు. మణికట్టు చర్మం కింద బియ్యపు గింజంత పరికరం మనిషి దిగులును కొలిచి నూటికి ఇంతని చెబుతుంది. అది వచ్చాక ఎవరూ ఎవరి తలుపూ తట్టడం లేదు. అంకె తక్కువుంటే వాళ్లు బాగానే ఉన్నారని సరిపెట్టుకుంటారు. ఎక్కువుంటే, అది తెలిసినవాళ్లు చూసుకోవాల్సిన పని అని పక్కకు తప్పుకుంటారు. ఆ తెలిసినవాళ్లు సోషల్ వర్క్ చదివే పీజీ విద్యార్థులు. అంకె అరవై దాటిన ఇంటికి నియోజని అనే యంత్రం ఒక విద్యార్థిని పంపుతుంది. రెండు వారాలు అంకె నలభైలోపు నిలిస్తే ఫైలు మూసేస్తుంది. మూసిన ఇంటికి విద్యార్థి మళ్లీ వెళ్లకూడదు.

వర్ధని తోటివాళ్లు ఒక్కొక్కరు మూడేసి ఫైళ్లు మూసేశారు. ఆమెది మొదటిదే తెమలలేదు. సముద్రం తీరాన్ని మింగేశాక విశాఖ మత్స్యకారులను తెచ్చి పెట్టిన ఈ భవనంలో కాసులమ్మ ఒంటరిగా ఉంటోంది. భర్త ఎల్లాజీ ఐదేళ్ల కిందట వేటకు వెళ్లి తిరిగి రాలేదు. వర్ధని వచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆమె అంకె ముప్పైకి దిగుతుంది. బుధవారం మధ్యాహ్నానికి మళ్లీ డెబ్బై దాటుతుంది. మూడు నెలలుగా ఇదే వరస. ‘విద్యార్థిని ప్రభావం స్వల్పం’ అని నియోజని రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి రాస్తే ఇంటర్న్‌షిప్ రద్దవుతుంది. బుధవారం ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూడకుండా ఆమెకు నిద్ర పట్టడం లేదు.

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఒక మగ గొంతు, గాలి హోరులో నుంచి వినిపిస్తోంది. “కాసులూ, వల తీసేసినాం. గంటలో ఒడ్డుకొచ్చెత్తాను. అన్నం వొండేసి ఉంచు.” కాసులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, కన్నీళ్లు కారుతుండగానే మణికట్టు వైపు చూసుకుంటోంది. అరవై మూడు. ఆఖరి వేట రోజు ఎల్లాజీ పంపిన మాటలు అయిపోయాయి. ఆమె మళ్లీ మొదటినుంచి పెట్టుకుంది.

“కాసులమ్మ గారూ, ఏం చేస్తున్నారు?”

ఆమె ఉలిక్కిపడి ఆ రికార్డింగు ఆపేసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇయాల బుధోరం కదమ్మా. నువ్వు రేపు రావాల.”

“నేను రావాలనా ఇది వింటున్నారు?”

“ముందు మెట్లు ఎక్కి దిగి సూసినాను. గుండె కొట్టుకుంది గానీ అంకె కదల్లేదు. దొంగేడుపు దానికి తెలిసిపోతాది. నిజంగా ఏడవాల.” కాసులమ్మ తల దించుకుంది. “ఈ గింజ మందులేసుకోమంటాది, బియ్యం తెప్పిత్తాది. నాతోటి కబుర్లూ సెప్తాది. తలుపు కొట్టేది మటుకు నువ్వొక్కదానివే.”

“అలా వింటే మీకు...”

“సచ్చినంత పనవుతాది. మరేటి సెయ్యను?”

ఆ సాయంత్రం వర్ధని తన పర్యవేక్షకురాలు ప్రొఫెసర్ సుభాషిణి దగ్గరకు వెళ్లి అంతా చెప్పింది. సుభాషిణి గోడ మీద పాత విద్యార్థుల ఫైళ్లలోని అంకెల గ్రాఫులు తెరిచింది. ఎందరివో అవే గీతలు. సందర్శన కాగానే దిగి, మరో సందర్శన ముందు లేచినవి.

“వాళ్లకి పని రాలేదనుకున్నాను. పోయినేడు ఎనిమిది మందిని ఫెయిల్ చేశాను” అందామె మెల్లగా.

“ఇప్పుడు నేను ఉన్నదున్నట్టు రాస్తే ఏమవుతుంది మేడమ్?”

“హాని చేసే జ్ఞాపకమని నియోజని ఆ గొంతును తుడిచేస్తుంది. ఒకసారి అలా చేసింది. అంకె బాగా తగ్గింది కూడా.”

“రాయకపోతే ఆవిడ వారం వారం ఏడుస్తూనే ఉంటుంది. వినొద్దని చెప్పి మాన్పిస్తే ఫైలు మూస్తారు. ఆ తరవాత నేను వెళ్లకూడదు.”

“విద్యార్థిగా వెళ్లకూడదు” అంది సుభాషిణి. ఆ మాట అన్నందుకు తనే భయపడినట్టు కిటికీ వైపు తిరిగింది.

వర్ధని ఆ రాత్రంతా గదిలో అటూ ఇటూ తిరిగింది. డిగ్రీకి ఇంకా నాలుగు నెలలే ఉంది. ఇప్పుడు మానేస్తే రెండేళ్ల చదువూ పోతుంది. మళ్లీ చేర్చుకుంటారన్న హామీ లేదు. ఫారం మూడుసార్లు తెరిచి మూసింది. తెల్లారాక, కారణం అని ఉన్న చోట ఏమీ రాయకుండా, విద్యార్థిగా తప్పుకుంటున్నానని పంపేసింది.

పదింటికి కాసులమ్మ తలుపు తీసి, ఆమె మెడలో గుర్తింపు బిళ్ల లేకపోవడం చూసింది.

“నీ బిళ్ల ఏదమ్మా?”

“ఇచ్చేశాను పిన్నీ. ఇక ఆ గొంతు అలా వినొద్దు. మీ అంకెతో పని లేకుండా వస్తాను.”

“ఇచ్చేసినావంటే? సదువో?”

“అదీ మానేశాను” అంది వర్ధని. కాసులమ్మ గడప దగ్గరే కూలబడింది. “నా గురించా? నా ఏడుపు నీకు సుట్టుకుందా తల్లీ?” అంటూ నెత్తి కొట్టుకుంది. వర్ధని ఆమె చేతులు పట్టుకుని పక్కనే కూర్చుంది. ఏం చెప్పినా ఆమె వినలేదు. ఐదేళ్లలో బతికున్న మనిషి కోసం ఆమె ఏడవడం అదే మొదటిసారి. గోడ మీది పలక తొంభై నాలుగు చూపిస్తోంది.

తొంభై దాటిన ఇంటికి నియోజని గంటలోపు మనిషిని పంపుతుంది. నలభై నిమిషాలకే ఒక కొత్త అమ్మాయి గుమ్మంలో నిలబడింది. మొదటి రోజు కాబోలు, చేతిలోని పుస్తకపలక తెర చూసి చదివింది.

“నమస్కారమండీ. మీ భర్తగారి మరణం గురించి మాట్లాడుకుందామా?”

“ఆయన గురించి కాదమ్మా” అంది కాసులమ్మ ముక్కు తుడుచుకుంటూ. “ఇదిగో, ఈ పిల్ల గురించి. నా ఇంటికి రాడానికి సదువు ఒగ్గేసింది. దీనికేటి సెయ్యాలో సెప్పు.”

ఆ అమ్మాయి పుస్తకపలకలో దిగులు కారణాల పట్టీని పైకీ కిందికీ జరిపి చూసింది. మళ్లీ మొదటినుంచి వెతికింది. అలాంటిది అందులో లేదు. గడపలో కూర్చున్న ఇద్దరినీ కాసేపు మార్చి మార్చి చూసి, పలకను బోర్లించి నేల మీద పెట్టింది.

“నేనూ కూర్చోవచ్చాండీ?” అని అడిగింది.