షెడ్డులో దొరసాని

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది పెద్దాయన. చీకటి విడకముందే మెడకి మఫ్లర్ చుట్టుకుని, చెప్పుల చప్పుడు కాకుండా పక్క తలుపు తీసుకుని షెడ్డులోకి వెళతాడు. అక్కడ దొరసాని ఉంటుంది.

దొరసాని అంటే మనిషి కాదు, కారు. పొడుగాటి ముక్కు, ముక్కు మీద బ్రిటిష్ బ్యాడ్జి, లోపల మెరుగు పెట్టిన చెక్క డాష్‌బోర్డు. పైకి అంత దర్జాగా కనిపించే ఆ కారు పొట్టలో ఉన్నది మాత్రం డీజిల్ ఇంజిన్. అదీ వేరే దేశంలో ఎవరో తయారుచేసి ఇచ్చినది. పెద్దాయన మెకానిక్కుగా బతికినన్నాళ్ళూ ఇలాంటి బళ్ళే బాగుచేశాడు. "జనం బ్యాడ్జి చూసి మురిసిపోతారు, మోసేది పాపం ఇంజిను" అని నవ్వేవాడు. పని మానేశాక, ఎవరూ కొనని ఈ ముసలి బండిని తెచ్చి, నట్టు నట్టూ విప్పి కడిగి బిగించి, దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. ఆయన భార్యకి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండేది. "పోనీ ఆ మహాతల్లికే వండిపెట్టమనండి" అనేది.

కోడలు నూలు మిల్లులో పనిచేస్తుంది. దారం ఎంత బరువుకి తెగుతుందో పరీక్షించి చూడటం ఆమె పని. పాప పుట్టాక మానేసి, ఈ చలికాలం మొదట్లో మళ్ళీ చేరింది. మిల్లు చాలా దూరం, పైగా మొదటి షిఫ్టు. కారు నడపడం మావగారే నేర్పాడు గానీ, ఇరుకు షెడ్డులోంచి వెనక్కి తీయాలంటే మాత్రం ఆమెకి ఎప్పుడూ భయమే. అందుకని సాయంత్రం ఆమె రాగానే ఆయనే బండిని షెడ్డులోకి వెనక్కి పెట్టేవాడు, పొద్దున ఆమె ఎక్కి తిన్నగా వెళ్ళిపోయేలా. తెల్లారకుండానే లేచి, డీజిల్ ఇంజిన్ చలికి మొరాయించకుండా హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి, తాళం తిప్పేవాడు. చలి లోపలికి కొట్టకుండా షెడ్డు తలుపు సగమే తీసి, ఆమె తయారై వచ్చేసరికి సీట్లు వెచ్చగా ఉండేలా ఇంజిన్ని అలా నడవనిచ్చేవాడు. తను ముందు నిలబడి అద్దం తుడిచేవాడు. ఆమె కన్నతండ్రి కూడా ఆమె కోసం అంత పొద్దున్నే ఎన్నడూ లేవలేదు.

ఆ రోజు మాత్రం ఆయన షెడ్డు దాకా వెళ్ళనేలేదు. వంటింట్లో అప్పటికే మాటా మాటా పెరిగిపోయింది.

ఇంటికి ఒక్కగానొక్క మనవరాలు. బడిలో ఏ పేరున్నా ఇంట్లో అందరికీ గువ్వే. ఆ పిల్లకి దగ్గు పట్టుకుంది. మొదట్లో జలుబన్నారు. తర్వాత ఆయాసమన్నారు. రెండేసి మెట్లు గెంతుతూ ఎక్కే పిల్ల మెట్టు మెట్టుకీ ఆగి భుజాలెగరేస్తూ ఊపిరి తీసుకునేది. ముందురోజు సాయంత్రం డాక్టరు ఇంటిసంగతులన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. సిగరెట్లు కాల్చేవాళ్ళున్నారా? కట్టెల పొయ్యి ఉందా? కుక్కా పిల్లీ ఏమైనా పెంచుతున్నారా? అన్నిటికీ లేదనే చెప్పారు. "దుమ్ము గానీ పొగ గానీ ఏదో ఒకటి ఈ పిల్ల గుండెల్లోకి రోజూ వెళుతోంది. అదేమిటో ఇంట్లోవాళ్ళే కనిపెట్టాలి" అన్నాడాయన. అత్తగారు వెంటనే కోడలి జుట్టు వైపు చూసింది. చెవి పక్కన తెల్లగా నూలుపీచు ఒకటి అంటుకుని ఉంది.

"నేనన్నానంటే గిట్టక అన్నాననుకుంటారు. డాక్టరు కూడా దుమ్మే అన్నాడుగా!" అత్తగారు పాలగిన్నె పొయ్యి మీద ఠపీమని పెట్టింది.

"దుమ్మో పొగో అన్నాడు అత్తయ్యా."

"పొగ మనింట్లో ఎక్కడుంది? పోయిన నెల నీ చెల్లెలి పెళ్ళని వారం రోజులు సెలవు పెట్టావా? ఆ వారం పిల్ల ఒక్కసారైనా దగ్గిందా? నువ్వు తిరిగి మిల్లుకెళ్ళిన రెండోరోజుకి మళ్ళీ మొదలైంది. ఇంతకంటే ఏం కనిపెట్టాలే తల్లీ?"

కోడలు కూడా అది గమనించింది. గమనించి, ఎవరికీ చెప్పుకోలేక, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

"మీరు చెప్పినట్టే చేస్తున్నాను కదా," అంది. "మిల్లు నుంచి రాగానే ఇంట్లో అడుగు పెట్టకుండా పెరట్లోకే వెళ్తున్నాను. తల మీద నీళ్ళు పోసుకుని బట్టలు మార్చుకుంటే గానీ దాన్ని ముట్టుకోవట్లేదు. అమ్మా అని పరిగెత్తుకొస్తుంటే ఆగు ఆగు అని చెయ్యి అడ్డం పెడుతున్నాను. అదిప్పుడు రావడమే మానేసింది, చూశారా? దూరంగా నిలబడి, స్నానం అయిందా అమ్మా అని అడుగుతోంది."

"పిల్ల కంటే ఉద్యోగం ఎక్కువా?"

"అమ్మా, ఇక ఆపు," అన్నాడు కొడుకు. అతనిది కళ్ళజోళ్ళ దుకాణం. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేస్తాడు గానీ, ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మధ్య ఏ వైపు చూడాలో అతనికి ఎన్నడూ తెలీలేదు. భార్య వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "కొన్నాళ్ళు మానేసి చూద్దామా? దానికి తగ్గాక మళ్ళీ..."

ఆమె భర్తని కళ్ళార్పకుండా చూసింది. పరీక్షల గది బాధ్యత మొత్తం ఆమెకే అప్పగిస్తామని మిల్లువాళ్ళు చెప్పింది మొన్ననే. ఆ మాట ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇక చెప్పే అవసరం లేదని ఆ క్షణంలో అర్థమైంది.

"సరే. ఇవాళే వెళ్ళి మానేస్తున్నానని చెప్పేసి వస్తాను. అది నావల్ల జబ్బుపడుతోంటే నాకు ఏ ఉద్యోగమూ అక్కర్లేదు."

అత్తగారు గెలిచింది గానీ, గెలిచినట్టు ఆమె మొహంలో కనిపించలేదు. గుమ్మంలో నిలబడి అంతా విన్న పెద్దాయనకి ప్రాణం ఉసూరుమంది. ఆ అరుపులకి వెనకగదిలో గువ్వ లేచి ఏడుపందుకుంది.

"నేను చూస్తా," అన్నాడాయన. "ఒరేయ్, ఇవాళ నువ్వెళ్ళి దొరసానిని స్టార్ట్ చెయ్యి. చివరిసారైనా అమ్మాయి వెచ్చగా వెళ్ళనీ."

వెనకగదిలోకి వెళ్ళి, ఈ గొడవ పిల్ల చెవిన పడకుండా తలుపు మూశాడు. గువ్వని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దుప్పటి కప్పాడు. ఆ వేళప్పుడు ఆ గదిలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. పిల్ల నిద్రపోతూ ఉండేది, ఆయన గోడకి అవతల షెడ్డులో ఉండేవాడు.

గోడ అవతల ఇంజిన్ అందుకుంది. ముందు గరగరమని దగ్గి, తర్వాత టకటకమంటూ కుదురుకుంది. అంత దిగుల్లోనూ ఆయన చెవి ఆ చప్పుడు మీదికే పోయింది. బాగానే పలుకుతోంది అనుకున్నాడు. ఒళ్ళో పిల్ల దుప్పటి అంచు లాక్కుని ముక్కు మూసుకుంది.

"ఏమ్మా, చలా?"

"కాదు తాతా. దొరసాని లేచింది. ఇప్పుడు దగ్గొస్తుంది."

ఆయనకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తల ఎత్తి చూశాడు. మంచానికి పైన, షెడ్డు గోడలో, గాలి ఆడటానికి ఎప్పుడో పెట్టిన చిన్న జాలీ ఉంది. బూడిదరంగు పొగ సన్నగా ఆ జాలీలోంచి లోపలికి దిగుతోంది. దిగి, లైటు చుట్టూ పలచగా పరుచుకుని, నెమ్మదిగా మంచం మీదికి వాలుతోంది.

సైలెన్సర్ గొట్టం సరిగ్గా ఆ గోడకే తిరిగి ఉంది. ఇదివరకు బండి ముక్కు అటుండేది, పొగ వీధిలోకి పోయేది. కోడలికి సుఖంగా ఉంటుందని ఆయనే వెనక్కి తిప్పి పెట్టాడు. కోడలు సెలవు పెట్టిన వారం బండి తీయనే లేదు. అంతా ఒక్కసారిగా కళ్ళకి కట్టింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన ఒంటిమీదా బట్టలమీదా దిండుమీదా డీజిల్ వాసనే. ఆ ఇంట్లో దాన్ని కొత్తగా పసిగట్టే ముక్కు ఎవరికీ మిగల్లేదు, ఈ పిల్లకి తప్ప.

"రోజూ ఇలాగే వస్తుందా తల్లీ?"

గువ్వ తలూపింది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నీ దొరసాని కదా. నానమ్మ తిడితే నీకు బాధేస్తుందిగా," అంది పిల్ల. అంటూనే దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆయన చేతుల్లో ముడుచుకుపోయింది.

పెద్దాయన గోడని రెండు చేతులా బాదాడు. "ఆపరా! ఆపెయ్! ఆపెయ్‌రా!" ఆ అరుపుకి ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. తలుపు తెరుచుకునేసరికి ఆయన పిల్లని భుజాన వేసుకుని, చేత్తో జాలీ వైపు చూపిస్తున్నాడు.

"మిల్లు కాదే," అన్నాడు భార్యతో. "నూలు కాదు, దుమ్మూ కాదు. నేనే. రోజూ పొద్దున్నే లేచి, దీనికి పొగ పెట్టింది నేను."

కోడలు జాలీ వైపు చూసింది, పొగ వైపు చూసింది, పిల్లని ఆయన చేతుల్లోంచి తీసుకుని విసురుగా వీధి గుమ్మంలోకి, చల్లగాలిలోకి వెళ్ళిపోయింది. పిల్ల ఊపిరి కుదుటపడ్డాక భర్త చేతికిచ్చి, బస్సెక్కి మిల్లుకి వెళ్ళింది.

మానేస్తున్నానని చెప్పలేదు. చెప్పాల్సింది వేరే ఉంది. పరీక్షల గది బాధ్యత తీసుకుంటానని చెప్పింది. ఆ తర్వాత నూలు కండెల మధ్య కూర్చుని, ఇన్నాళ్ళూ పడ్డ వేదనంతా తీరేలా ఏడ్చింది.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. తండ్రీ కొడుకులు కలిసి కారుని స్టార్ట్ చేయకుండా తోసుకుంటూ తీసుకెళ్ళి వీధి చివర ఖాళీస్థలంలో పెట్టి వచ్చారు. జాలీకి ఇటుకలు పేర్చి సిమెంటు పూసి ఉంది. పెద్దాయన గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని మొహమే చెబుతోంది. ఆమెని చూసి లేవబోయి ఆగిపోయాడు.

"క్షమించమని అడిగే మొహం కూడా లేదమ్మా నాకు."

ఆమె ఆయన పక్కన, కింది మెట్టు మీద కూర్చుంది.

"కోపంగానే ఉంది మావయ్యా. లేదంటే అబద్ధం చెప్పినట్టే. నా బిడ్డని నేనే చంపుకుంటున్నానేమో అనుకుంటూ ఇన్నాళ్ళు బతికాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది."

ఆయన వేళ్ళకంటిన సిమెంటుని గోటితో గీకుతున్నాడు.

"కానీ అదంతా నాకు చలేస్తుందని చేశారు. అదీ తెలుసు. రెండూ నిజమే. దేన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీట్లేదు."

"దొరసానిని ఇచ్చేస్తానమ్మా. ఎవరడిగితే వాళ్ళకి."

వద్దు మావయ్యా అంటుందేమోనని ఆయనలో ఏ మూలో ఆశ ఉండి ఉంటుంది. ఆమె అనలేదు.

"ఇచ్చేయండి. ఆ చప్పుడు వింటే ఇక నాకు ఇవాళే గుర్తొస్తుంది," అంది. ఆయన చెయ్యి పట్టుకుంది. "బండిని పంపేయండి. మీరు మాత్రం నాకు మొహం చాటేసి తిరగొద్దు. అది నేను తట్టుకోలేను."

పెద్దాయన ఆ చేతిని కళ్ళకి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన్ని కాసేపు ఏడవనిచ్చి ఆమె లేచింది. కాళ్ళు అలవాటుగా ఇంటి పక్కగా, పెరటివైపు నడిచాయి. సందు మలుపులో అత్తగారు అడ్డంగా నిలబడి ఉంది, చంకలో గువ్వతో. ఆవిడ కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి.

"అటెందుకు?"

"స్నానానికి అత్తయ్యా. ఒంటినిండా పీచు ఉంది."

"ఉండనీ," అంది అత్తగారు. రెండడుగులు ముందుకేసి, పిల్లని తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది. గువ్వ ఒక క్షణం బిగుసుకుపోయి, నానమ్మ మొహం చూసింది, అమ్మ మొహం చూసింది, తర్వాత రెండు చేతులూ అమ్మ మెడకి వేసి, ఆ పీచు పట్టిన జుట్టులోనే మొహం దాచేసుకుంది.

"నన్ను తిట్టవే," అంది అత్తగారు ఏడుస్తూ. "ఒక్క మాటైనా తిట్టు. నువ్విలా ఊరుకుంటే నేను భరించలేను."

"తిడతాను అత్తయ్యా. తప్పకుండా తిడతాను," అంది కోడలు, పిల్లని ఇంకా గట్టిగా హత్తుకుంటూ. "ఇప్పుడు కాదు. ముందు దీన్ని కాసేపు ఎత్తుకోనివ్వండి."