మంగళవారం ఫోను

వినోద జొన్నరొట్టె కాల్చి అత్త ఎంకవ్వ పళ్లెంలో వేసింది. ఉతికిన గంగారాం చొక్కాలు సంచిలో సర్దుకుని, కామారెడ్డి దవాఖానకు పోయొస్తానని ఎప్పటిలాగే చెప్పింది. ఏమీ అనిపించలేదు. అబద్ధం కూడా ఇంటిపనుల్లో కలిసిపోయింది.

పక్క ఊరి చెరువు భూమిని ఫ్యాక్టరీకి ఇవ్వొద్దని రైతులతో టెంటు కింద కూర్చున్నందుకు ఆమె భర్త గంగారాంను జైల్లో పెట్టారు. ఎవరూ ఒక్క రాయి కూడా విసరలేదు. అప్పుడు ఎంకవ్వ గుండెజబ్బుతో మంచంలో ఉంది. కొడుకు దుబాయి పోయాడని వినోద చెప్పింది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ఎల్లారెడ్డి వాడకట్టులో ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు. కొడుకు పంపాడంటూ ఖర్జూరాలు, తలనొప్పి బామ్ కామారెడ్డిలో కొని తెచ్చేది.

సంచి భుజాన వేసుకుని చూస్తే, ఎంకవ్వ చెప్పులేసుకుని గడపలో కూర్చుంది.

"నేనొస్త."

"దవాఖానకు నువ్వెందుకు అత్తమ్మా?"

"దవాఖానకు గాదు. నా కొడుకు కాడికి."

దుబాయికి ఎట్లా పోతావని వినోద నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"దుబాయోళ్లు సెలవునాడు జేస్తరు పోను. పక్కింటి సతీశ్ గంటసేపు ముచ్చట వెడతడు. నావోడు మంగళారం పొద్దుగాల జేస్తడు. తిన్నవా అవ్వా అని రెండు మాటలనంగనే కట్టయితది. ఎనుక ఎవడో టైమైందని ఒర్రుతడు. నాకు కండ్లే మసక, చెవులు మంచిగనే ఉన్నయి."

"మరెందుకు అడగలే?"

"నువ్వే జెప్తవని జూసిన. వాడేమన్న దొంగతనం జేసిండా, గిట్ల దాసిపెట్టుడు?"

నీ గుండె కోసమేనని వినోద అనబోయింది. కానీ ఎంకవ్వ కోలుకుని చాలా కాలమైంది. అవ్వను తీసుకురమ్మని గంగారాం జైలు ములాఖత్‌లో ప్రతిసారీ అడిగేవాడు. ఒంట్లో బాగాలేదని అతనికీ అబద్ధమే చెప్పింది. దాచింది అత్త కోసం కాదు, తన సిగ్గు కోసం.

ఇద్దరూ బస్సెక్కారు. పక్క సీటులో వాడకట్టు అమ్మాయి పల్లవి. అన్న దుబాయి నుంచి ఎప్పుడొస్తాడని అడిగింది. వినోద అత్త వైపు చూసింది. ఎంకవ్వ కిటికీ వైపు తిరిగింది.

"అన్న దుబాయిల లేడు పల్లవీ. జైల్లున్నడు. చెరువు కోసం కూసున్నందుకు."

పల్లవి వినోద వైపు జరిగింది. మెల్లగా అంది. "మా బాపు గూడ ఇప్పుడు అదే టెంటు కింద కూసుంటున్నడు వదినా."

ఎంకవ్వ కొంగుముడి విప్పి, బామ్ సీసా తీసి వినోద చేతిలో పెట్టింది. "తలకాయ నొస్తుందన్నడు పోనుల. వాడు పంపిందే గదా, వానికే ఇద్దాం."

జైల్లోకి సీసాలు రానియ్యరని వినోద చెప్పలేదు. నవ్వు వచ్చింది. ఆ వెనకే, ఇన్నాళ్లూ రాని ఏడుపు కూడా.