మూడు జతల గ్లౌజులు, ఒక బకెట్ చన్నీళ్లు

పొద్దున్నే తల్లి వంటింట్లోకి వచ్చేసరికి బల్ల మీద మూడు జతల గ్లౌజులు, నేల మీద బకెట్ నీళ్లు కనిపించాయి. ఫ్రిజ్‌లోని మంచుముక్కలన్నీ ఆ బకెట్లోనే తేలుతున్నాయి.

"ఇవేంటే? నీకున్నవి రెండు చేతులేగా?" అంది కూతురితో. ఇంటి ముందు గదిలో ఆమెకు చిన్న కుట్టుకొట్టు ఉంది.

"మా ముఠా కోసమమ్మా. చలికాలం గోతిలో దిగి పైపులు బిగించడానికి ఏ రకం కొనాలో పదింటికల్లా చెప్పాలి."

కూతురు నీళ్ల పైపులు మరమ్మతు చేసే ముఠాలో చేరి రెండు నెలలైంది. ఆ ముఠాకు ముప్పై ఏళ్లుగా మేస్త్రీ ఆమె తండ్రే. ఆయన అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరడిగారు నిన్ను?"

"ఇంజనీరుగారు."

"మేస్త్రీని నేనుండగానా! గ్లౌజులు వేసుకుంటే నట్టు చేతికి తెలుస్తుందా? పెళ్లికూతుళ్లా ముస్తాబై గోతిలో దిగుతారా?"

"మొన్న ఇద్దరికి వేళ్లు వాచిపోయాయి నాన్నా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటామా?"

"రెండు నెలల దానివి, నాకు పని నేర్పుతావా?"

మేస్త్రీ గొంతు పెరిగింది. కూతురి కళ్లు ఎర్రబడ్డాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదని తల్లికి తెలుసు. "అరుపులెందుకు? బకెట్ ఉందిగా, తేల్చుకోండి" అని మధ్యలోకొచ్చింది.

పందెం సులువైనదే. మూడు సైజుల నట్లు అడుగున వేశారు. కళ్లు మూసుకుని మధ్య సైజుది తియ్యాలి. కూతురు ముందు మందపాటి రబ్బరు జత తొడిగింది. వేళ్లు వంగలేదు, ఒక్క నట్టూ చిక్కలేదు. రెండోది మెత్తగా ఉందిగానీ, నిమిషంలో లోపల తడిసింది. తల్లి దాన్ని తిరగేసి చూసింది. "కుట్ల మీద పూత లేదు. సూది దూరిన ప్రతిచోటా నీళ్లూ దూరతాయి" అని పక్కన పడేసింది. మూడోది పలచని రబ్బరు పూతది, లోపల ఉన్ని. దాంతో కూతురు మధ్య నట్టును పైకి తీసింది.

"ఓస్, అంతేనా!" అంటూ మేస్త్రీ చొక్కాచేయి మడిచి, కళ్లు మూసుకుని, ఉత్త చేయి ముంచాడు. కాసేపు కెలికి, చేయి పైకెత్తి గర్వంగా చాచాడు. "ఇదిగో, మధ్యది!"

ఆయన వేళ్ల మధ్య ఏమీ లేదు.

ఆయన కళ్లు తెరిచాడు. ఖాళీ వేళ్లకేసి చూసుకుని, తల దించుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి?" అడిగింది తల్లి.

"పోయిన చలికాలం నుంచి."

"అందుకా చొక్కా గుండీలు నన్ను పెట్టమంటున్నది? ముసలితనంలో మొగుడికి సరసం పుట్టిందని నేనెంత మురిసిపోయానండీ!"

కూతురు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"చెబితే ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టేస్తారు" అన్నాడాయన నెమ్మదిగా. "నీకు పని నేర్పేదెవరు మరి?"

"నేర్పడానికి నోరు చాలు నాన్నా. అది ఏ చలికీ గడ్డకట్టలేదుగా!"

మేస్త్రీకి నవ్వాగలేదు. మూడో జత అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదీ పనికిరాదు. మణికట్టు దాకానే ఉంది, వంగితే నీళ్లు లోపలికి పోతాయి. ఇదే రకంలో మోచేతిదాకా ఉన్నది అడుగు. లోపలి ఉన్ని విడిగా తీసేలా ఉంటే రోజూ ఆరేసుకోవచ్చు. ఒక సైజు వదులుగా తీసుకోండి. బిగుతైతే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. రాసుకో."

కూతురు రాసుకుంది. "నీ సైజెంత?"

"అన్నిటికంటే పెద్దది" అన్నాడు, సిగ్గుపడుతూ.

ఆమె పొడి తువ్వాలు తెచ్చి భర్త చేయి మెత్తగా అద్దింది. బొటనవేలు నొక్కి, "తెలుస్తోందా?" అంది.

"లేదు."

చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు. ప్రతిదానికీ లేదన్నట్టు తలాడించాడు. చివరిది గట్టిగా నొక్కింది.

"ఆఁ! చిటికెన వేలు తెలుస్తోంది!"

"అది చాలు" అందామె, కన్నీళ్లలోంచి నవ్వుతూ. ఆ వేలే పట్టుకుని లేపింది. "పదండి డాక్టరు దగ్గరికి."