బ్రిడ్జి కోర్సు

తర్లుపాడు దారిలో వాగు మీద పాత బ్రిడ్జి ఒకటుంది. మసకపడితే అటు ఆడపిల్లల్ని పంపరు. ఎప్పుడో నర్సు ట్రైనింగుకు పోతానన్న పిల్లను ఇంట్లోవాళ్లు ఆపేస్తే, ఆ వాగులోనే ప్రాణం తీసుకుందట. తెల్లచీరలో నిలబడి పిలుస్తుందట... విచిత్రమేమంటే, ఆ బ్రిడ్జి కిందే రోజూ సీసాలు తెరిచే మగవాళ్లకు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

నాకీ సంగతి చెప్పింది ఎలీషబా. ఆమె మరిది దేవదానం కూతురు జెస్సీకి ఎంబీబీఎస్ సీటొచ్చింది. కాలేజీ తెరిచేలోపు, వేసవిలో, మార్కాపురంలో ఇంగ్లీషు పాఠాలకు అలవాటు చేసే బ్రిడ్జి కోర్సు పెట్టారు. ఇష్టమైతేనే రావచ్చు. తెలుగు మీడియం జెస్సీకి అది లేకపోతే మొదటి క్లాసులోనే నోరు పెగలదు.

ఎలీషబా మొగుడు గిద్యోను చర్చిలో సంఘపెద్ద. బ్రిడ్జి దాటేదానికి కూడా కోర్సా అని నవ్వినాడట. తర్వాత నవ్వకుండా చెప్పినాడట —

"ఇష్టమైతేనే అన్నారు గదా. మనకి ఇష్టం లేదు."

మగపిల్లాడికైతే ఆ 'ఇష్టమైతేనే' అన్న మాటకు 'పోయిరా నాయనా' అని అర్థం.

దేవదానం అన్న ముఖం చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టి, జెస్సీ పొద్దున్నే బస్సెక్కింది.

తిరుగు బస్సు ఆలస్యమైంది. దిగేసరికి చీకటి. ఇంటికి ఆ బ్రిడ్జి మీదుగానే నడవాలి. బ్రిడ్జి గోడ పక్కన తెల్లగా ఏదో లేచింది...

"జెస్సీ... సదువు మానెయ్..."

పిల్ల వెనక్కి తిరగబోయింది. పరిగెత్తితే రేపట్నుంచి గడప దాటనివ్వరు. అది తెలిసే నిలబడింది. ఒక చేతిలో పుస్తకాల సంచి. రెండో చేత్తో, ముసుగులోంచి చాచిన ఎడమ చేతిని గబుక్కున పట్టుకుంది. ఆ రోజే నేర్పారు — మణికట్టు మీద, బొటనవేలి వైపు, మూడు వేళ్లు.

నాడి... గబగబా కొట్టుకుంటోంది. మందు వాసన కూడా.

"పెదనాయనా," అంది మెల్లగా, "పెద్దమ్మ ఆదివారం గుడికి కట్టే చీర గదా ఇది. మాపినావే."

మర్నాటినుంచి జెస్సీని బస్సు దగ్గర దింపేదీ, తెచ్చుకునేదీ ఎలీషబాయే. ఆ తెల్లచీరే ఉతికి కట్టుకుని. కోర్సు పూర్తయింది. ఊరు నవ్వి నవ్వి అలిసిపోయింది.

గిద్యోను మాత్రం ఇప్పటికీ పొద్దుగూకితే అటు పోడు. సిగ్గేమో అన్నాను. కాదట. పెళ్లాంతో ఒక్కసారే, గుసగుసగా అన్నాడట —

"ఎడం చెయ్యి జెస్సీ పట్టుకునింది. మరి కుడి చెయ్యి ఎవురు పట్టుకున్నారే? సల్లగా... అది కూడా మూడు వేళ్లతోనే."